చెవులపిల్లి కొన్న కొండలు

మేము నలుగురం. ఒకే ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాం. ఇప్పుడు మన్యంలో నాలుగు గూడేల్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాం. నెలకోసారి సంత రోజున కలుసుకుని, ఎవరి బడిలో ఏం జరిగిందో చెప్పుకోవడం మా అలవాటు. ఈ వ్యాసం అలాంటి ఒక సంత రోజున మొదలైంది.

మాలో ఒకరి బడికి ఎవరో దాతలు పాత పుస్తకాల పెట్టె పంపారు. అందులో ఎక్కువ భాగం పరీక్షల గైడ్లే. అడుగున మాత్రం అరచేతిలో పట్టేంత చిన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద నీలం కోటు తొడుక్కున్న చెవులపిల్లి. మావాడు మూడో తరగతి పిల్లలకు బొమ్మలు చూపిస్తూ ఆ కథను తెలుగులో చెప్పాడు. పీటర్ అనే చెవులపిల్లి, అమ్మ వద్దన్నా వినకుండా మెక్‌గ్రెగర్ అనే ముసలాయన కూరగాయల తోటలోకి దూరుతుంది. మీ నాన్న ఆ తోటలోనే దొరికిపోయాడు, ఆ ఇంటావిడ వండేసింది అని తల్లి ముందే హెచ్చరిస్తుంది. ఆ మాట దగ్గర మావాడు కాస్త తడబడ్డాడు, చిన్నపిల్లలు భయపడతారేమోనని. ఇంతలో ఒక పాప లేచి, "మా తాత కూడా వల వేసి పట్టేవాడంట సార్. పులుసు పెట్టుకునేవారంట" అంది. తరగతంతా నవ్వింది. నవ్వులు ఆగాక అదే పాప మళ్లీ అడిగింది. "మరి దాని పిల్లలు ఏమయ్యాయి సార్?"

ఇంగ్లీషు పుస్తకం మీద మా పిల్లలు తమంతట తాము ప్రశ్న వేయడం మాకు అదే మొదటిసారి. వాచకంలో ఉన్న రైలు స్టేషను, పుట్టినరోజు కేకు మీద వాళ్లు ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఎక్కడో ఇంగ్లండులో నూరేళ్ల కిందట రాసిన కథ మా పిల్లలకు ఎందుకు దగ్గరగా అనిపించింది? ఆ రాసినావిడ ఎవరు? దొరికినంత వరకు వెతికి చదివాం. చదివిన కొద్దీ ఆవిడ జీవితంలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతులు చాలా కనిపించాయి. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, తోటి టీచర్లకు వాటిని చెప్పాలనే ఇది రాస్తున్నాం.

ఆవిడ పేరు బీట్రిక్స్ పాటర్. 1866 జూలై 28న లండన్‌లో పుట్టారు. కలవారి కుటుంబం. తాతల కాలంలో మాంచెస్టర్ వైపు నూలు బట్టల మీద అద్దకం వేసే మిల్లులతో సంపాదించిన ఆస్తి అది. ఆ రోజుల్లో అలాంటి ఇళ్లలో ఆడపిల్లను బడికి పంపేవారు కాదు. ఆమెకు ఇంట్లోనే పంతులమ్మలు చదువు చెప్పారు. ఆరేళ్లు చిన్నవాడైన తమ్ముడు తప్ప ఆడుకునేందుకు తోడు లేదు. అందుకని అక్కాతమ్ముళ్లిద్దరూ చెవులపిల్లుల్ని, ఎలుకల్ని, కప్పల్ని, బల్లుల్ని, గబ్బిలాల్ని పెంచారు. వాటిని గంటల తరబడి చూస్తూ బొమ్మలు గీశారు. చచ్చిపోయిన జంతువు ఎముకలు ఎలా అమరి ఉన్నాయో కూడా చూసి గీశారు. అందుకే ఆమె గీసిన చెవులపిల్లి కోటు తొడుక్కున్నా నిజమైన చెవులపిల్లిలాగే ఉంటుంది. కాళ్ల మడత, చెవుల తీరు, భయపడ్డప్పుడు ఒంటిని దగ్గరకు ముడుచుకునే తీరు, అన్నీ సరిగ్గా ఉంటాయి. వలలో పడ్డదాన్ని చూసిన పిల్లలు ఆ బొమ్మను ఇట్టే గుర్తుపట్టడంలో వింతేముంది?

పదిహేనో ఏటి నుంచి ముప్పయ్యో ఏటి దాకా ఆమె ఒక డైరీ రాసుకున్నారు. మామూలు అక్షరాల్లో కాదు, తానే కల్పించుకున్న రహస్య లిపిలో. ఆమె చనిపోయిన పదిహేనేళ్లకు, 1958లో, లెస్లీ లిండర్ అనే ఆయన ఎంతో శ్రమపడి ఆ లిపి గుట్టు విప్పేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియదు. తన మాట ఎవరూ వినని ఇంట్లో, తన మాటను తానే దాచుకున్న అమ్మాయి ఆమె.

వేసవి వస్తే ఆ కుటుంబం లండన్ విడిచి, మొదట్లో స్కాట్లండ్‌కు, తర్వాతి కాలంలో ఎక్కువగా ఇంగ్లండు ఉత్తరాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండల, చెరువుల సీమకు వెళ్లేది. స్కాట్లండ్‌లో ఆమెకు చార్లెస్ మెకింతోష్ అనే పోస్ట్‌మ్యాన్ తెలుసు. ఆయన గురించి మనం తప్పక తెలుసుకోవాలి. కలప మిల్లులో ప్రమాదం జరిగి చేతివేళ్లు పోగొట్టుకున్న మనిషి. ఊరూరా కాలినడకన ఉత్తరాలు పంచుతూ, దారిలో కనిపించే నాచును, పుట్టగొడుగులను, మొక్కలను చూసి చూసి, ఆ సీమలో వాటి గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదన్న పేరు తెచ్చుకున్నారు. 1892 నుంచి బీట్రిక్స్ పాటర్‌కు పుట్టగొడుగుల సంగతిలో గురువులాంటివాడు ఆయనే. ఆయన చలికాలంలో పుట్టగొడుగులు ఏరి పోస్టులో లండన్‌కు పంపేవారు. ఆమె వాటి రంగుల బొమ్మలు గీసి తిరిగి పంపేవారు.

ఇది చదివినప్పుడు మా నలుగురికీ ఒకటే గుర్తొచ్చింది. తొలకరి ఉరుములు ఉరిమాక పుట్టల దగ్గర ఏ గొడుగు లేస్తుందో, ఏది కూరకు పనికొస్తుందో, ఏది ముట్టుకోకూడదో మన అవ్వలకు, అమ్మలకు తెలుసు. దాన్ని మేము బడిలో ఎప్పుడూ చదువు అనుకోలేదు. మమ్మల్ని ఎవరూ అనుకోనివ్వలేదు. మెకింతోష్ కూడా బడి చదువుతో పండితుడైన మనిషి కాదు. నడిచి, చూసి, గుర్తుపెట్టుకుని పండితుడయ్యారు.

బీట్రిక్స్ పాటర్ బొమ్మల దగ్గర ఆగలేదు. గొడుగు కింద నుంచి పొడిలా రాలే సిద్ధబీజాలు ఎలా మొలకెత్తుతాయో తెలుసుకోవాలని ఇంట్లోనే గాజు పలకల మీద వాటిని మొలిపించి, మైక్రోస్కోపు కింద చూసి గీశారు. ఆ పని పట్టుకుని క్యూ అనే ఊళ్లోని పెద్ద ఉద్యానవనానికి, అక్కడి శాస్త్రవేత్తల దగ్గరకు వెళ్లారు. రసాయన శాస్త్రంలో పేరున్న బాబాయి వరస బంధువు ఒకాయన సిఫారసు చేసినా, ఆ ఉద్యానవనం డైరెక్టర్ ఆమె మాటను లెక్కచేయలేదు. చివరకు 1897 ఏప్రిల్ 1న ఆమె వ్యాసం లండన్‌లోని లిన్నియన్ సొసైటీ సమావేశం ముందుకు వచ్చింది. ఆ సభలోకి ఆడవాళ్లకు ప్రవేశం లేదు. ఆమె పనిని ఒక మగ శాస్త్రవేత్త అక్కడ ప్రవేశపెట్టారు. రాసినావిడ బయటే ఉండిపోయారు. ఆ వ్యాసాన్ని ఇంకా మెరుగుపరచాలని వెనక్కు తీసుకున్నారు. అది అచ్చు కాలేదు. ఈనాటికీ దొరకలేదు. నూరేళ్ల తర్వాత, 1997లో, ఆమె పట్ల జరిగింది సరికాదని ఆ సొసైటీ తరఫున ఒప్పుకున్నారు. ఆమె గీసిన వందలాది పుట్టగొడుగుల బొమ్మలు మాత్రం లేక్ డిస్ట్రిక్ట్‌లోని ఒక మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. పుట్టగొడుగుల పుస్తకాలకు అవి పనికొచ్చాయి కూడా.

తలుపు మూసుకున్నప్పుడు మనిషి ఏం చేయాలి? ఆమె మరో పని చేశారు. నిజానికి ఆ పని అంతకుముందే మొదలైంది.

చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన పంతులమ్మ పెళ్లి చేసుకుని పిల్లల తల్లి అయ్యారు. ఆవిడ పెద్దబ్బాయి నోయెల్‌కు ఐదేళ్ల వయసులో జబ్బు చేసి మంచాన పడ్డాడు. 1893 సెప్టెంబరు 4న బీట్రిక్స్ పాటర్ అతనికి ఒక ఉత్తరం రాశారు. నీకేం రాయాలో తోచడం లేదు, అందుకని నాలుగు చెవులపిల్లుల కథ చెబుతాను అంటూ మొదలుపెట్టి, మధ్యమధ్య బొమ్మలు గీస్తూ పోయారు. మా బడిలో చదివిన పీటర్ కథ మొదట పుట్టింది ఆ ఉత్తరంలోనే. పుస్తకం రాద్దామని కూర్చుని రాసింది కాదు. ఒక పిల్లవాడికి రాసింది.

ఆ పిల్లవాడు ఆ ఉత్తరాన్ని దాచుకున్నాడు. ఏడేళ్ల తర్వాత ఇవి పుస్తకాలుగా వేస్తే బాగుంటుందని ఆ పంతులమ్మే సలహా ఇచ్చారు. బీట్రిక్స్ పాటర్ ఆ ఉత్తరాన్ని అడిగి తీసుకుని, కథ పెంచి, ప్రచురణకర్తలకు పంపారు. అరడజను మంది వద్దన్నారు. వాళ్లకు పెద్ద సైజు పుస్తకం కావాలి, ఎక్కువ ధర కావాలి. ఆమెకు చిన్న పిల్లల చిన్న చేతుల్లో ఇమిడే పుస్తకం కావాలి, తక్కువ ధర కావాలి. రాజీపడకుండా 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించారు. అవి అయిపోతే మళ్లీ వేయించారు. అప్పుడు, ముందు కాదన్న ఫ్రెడరిక్ వార్న్ కంపెనీయే, రంగుల బొమ్మలు వేస్తే మేము అచ్చు వేస్తామంది. 1902 అక్టోబరులో పుస్తకం బజారులోకి వచ్చింది. మొదటి విడత 8,000 ప్రతులు. మరుసటి ఏడాది చివరికి 50,000 దాటాయి. ఆ తర్వాత ఉడత కథ, బాతు కథ, కప్ప కథ, ముళ్లపంది కథ ఇలా మొత్తం 23 చిన్న పుస్తకాలు వచ్చాయి. డబ్బు సంగతిలోనూ ఆమె అమాయకురాలు కాదు. 1903లో పీటర్ బొమ్మను గుడ్డతో తానే కుట్టి, దాని హక్కు తన పేర నమోదు చేయించారు. కానీ అమెరికాలో పుస్తకం హక్కును కంపెనీ నమోదు చేయించకపోవడంతో అక్కడ దొంగ ముద్రణలు వచ్చాయి. వాటి మీద ఆమెకు ఒక్క పైసా రాలేదు.

1905లో ఆ కంపెనీ కుటుంబంలోని నార్మన్ వార్న్ ఆమెను పెళ్లాడతానని అడిగారు. ఆమె సరేనన్నారు. వ్యాపారం చేసుకునే వాళ్ల ఇంటి సంబంధం మాకు తగదని తల్లిదండ్రులు అడ్డుచెప్పారు. తమ ఆస్తి నూలు బట్టల అద్దకంతో వచ్చిందన్న సంగతి వాళ్లు మరిచిపోయారు. తల్లిదండ్రులు కాదన్నా ఆమె మాట తప్పలేదు. కానీ నెల తిరిగేసరికి నార్మన్ రక్తానికి సంబంధించిన జబ్బుతో చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 39.

అదే ఏడాది ఆమె లేక్ డిస్ట్రిక్ట్‌లో, సోరీ అనే చిన్న ఊళ్లో, హిల్ టాప్ అనే పొలాన్ని కొన్నారు. పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో, బంధువు నుంచి వచ్చిన కొద్ది సొమ్ముతో. మా వ్యాసంలో అసలు సంగతి ఇక్కడి నుంచే ఉంది. లండన్ ఆవిడ వచ్చి ఎక్కువ ధర పెట్టి కొన్నదని ఊళ్లోవాళ్లు అనుకున్నారు. ఆమె పాత కౌలుదారును వెళ్లగొట్టలేదు. ఆయన కుటుంబం అక్కడే ఉండి పని చూసేలా ఇల్లు పెంచి కట్టించారు. ఆయన దగ్గరే సేద్యం నేర్చుకున్నారు. పుస్తకాలు అమ్ముడుపోయిన కొద్దీ పక్క పొలాలు కొంటూ వెళ్లారు. ఆ కొనుగోళ్లకు కాగితాలు చూసిన లాయరు విలియం హీలిస్‌ను 1913లో పెళ్లి చేసుకున్నారు. అక్కడి నుంచి ఊళ్లో ఆమె పేరు మిసెస్ హీలిస్. మోకాళ్ల దాకా బురదతో గొర్రెల సంతలో నిలబడి బేరాలాడే మనిషిని, పీటర్ కథ రాసినావిడ ఈవిడే అంటే బయటివాళ్లు నమ్మలేకపోయేవారు.

ఆ సీమలో హెర్డ్‌విక్ అనే గొర్రెల జాతి ఉంది. పిల్లలు నల్లగా పుడతాయి, పెరిగిన కొద్దీ బూడిద రంగుకు తిరుగుతాయి. ఎంత చలికైనా, వానకైనా కొండ మీద తట్టుకుని నిలుస్తాయి. కంచె లేకపోయినా ఏ మంద మేత కొండ ఆ మందకు తెలుసు. తల్లి వెంట తిరుగుతూ పిల్ల నేర్చుకుంటుంది. మందను ఒకసారి అమ్మేస్తే, ఆ కొండ తెలిసిన గొర్రెలు మళ్లీ దొరకవు. కాబట్టి పొలం చేతులు మారినా మంద మాత్రం కొండతోపాటే ఉండాలన్నది అక్కడి కాపరుల పద్ధతి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పొలాలు గిట్టుబాటు కాక రైతులు అమ్ముకుంటుంటే, కొనేవాళ్లు వాటిని ముక్కలు చేసి విడిది ఇళ్లు కట్టుకునే ప్రమాదం వచ్చింది. 1923లో ఆమె సుమారు 2,000 ఎకరాల పెద్ద గొర్రెల పొలాన్ని అందుకే కొన్నారు. 1930లో మరో 4,000 ఎకరాల ఎస్టేటు కొని, అందులో సగం భాగాన్ని అదే ధరకు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు ఇచ్చారు. ఆ సంస్థను 1895లో స్థాపించిన ముగ్గురిలో ఒకరైన రాన్స్‌లీ అనే పాదిరి ఆమె చిన్ననాటి నుంచి ఎరిగిన మనిషి. 1919లో చుట్టుపక్కల ఊళ్లకు ఒక నర్సు ఉండేలా చేయడానికి కూడా ఆమె ముందు నిలిచారు. 1943 డిసెంబరు 22న చనిపోయారు. డజనుకు పైగా పొలాలు, 4,000 ఎకరాలకు మించిన భూమి ట్రస్ట్‌కు రాసి పోయారు. ఆ కొండల మీద హెర్డ్‌విక్ మందలే ఉండాలన్నది వీలునామాలోని కోరిక. ఆమె చితాభస్మాన్ని ఆమె గొర్రెల కాపరి టామ్ స్టోరీ కొండ మీద చల్లారు. ఎక్కడ చల్లాడో ఊరికి చెప్పలేదు.

ఇంతవరకు చదివి మేము సంబరపడ్డాం. తర్వాత మాలో మాకే వాదన వచ్చింది. అదీ చెప్పాలి.

మొదటి వాదన భూమి మీద. ఆమె కలవారి బిడ్డ. కొనగలిగారు కాబట్టి కాపాడారు. అక్కడి రైతులు అప్పుడూ కౌలుదార్లే, ఇప్పుడు ట్రస్ట్‌కు కౌలుదార్లు. మన సంగతి వేరు. మన కొండలు ఎవరూ మనకు కొనిపెట్టాల్సినవి కావు. 1/70 చట్టం ఉన్నది, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది అందుకే. అయినా ఆమె దగ్గర ఒక సంగతి నేర్చుకోవాలి. కొండను కాపాడడమంటే అక్కడి మనుషుల్ని ఖాళీ చేయించడం అని ఆమె అనుకోలేదు. కొండ, మంద, కాపరి ముగ్గురూ కలిసి ఉంటేనే అది ఆ కొండ అనుకున్నారు. అడవిని కాపాడాలంటే గూడెం లేవాలి అనే మాట వింటూ పెరిగిన వాళ్లం మనం. ఆ మాటకు బదులు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ పనికొస్తుంది.

రెండో వాదన కథల మీద. ఇది మాకు నొప్పి పెట్టింది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవాళ్లు చెప్పుకున్న టక్కరి కుందేలు కథలు ఉన్నాయి. బ్రేర్ రాబిట్ కథలు అంటారు. వాటి మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్ల పత్రికా రచయిత వాటిని విని, రాసి, 1880లో పుస్తకంగా వేశారు. బీట్రిక్స్ పాటర్ ఆ పుస్తకాన్ని బాగా ఎరుగుదురు. పీటర్ పుస్తకం రాకముందే ఆ కథలకు బొమ్మలు గీసి చూసుకున్నారు. తన కథల్లో వాటి ఛాయలున్నా, వాటి పేరు చెప్పలేదని ఈ మధ్య పరిశోధకులు ఎత్తి చూపారు. పుట్టగొడుగుల వ్యాసం సంగతిలో తన పని లెక్కలోకి రాకుండా పోయిందని బాధపడిన మనిషి, మరొకరి కథ విషయంలో వాళ్ల పేరు వదిలేశారు. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి.

ఆమెను తప్పుపట్టడం తేలికే. కానీ మాలో ఒకరు, "మన పుస్తకం సంగతేంటి?" అన్నారు. అందరం తలలు దించుకున్నాం. మూడేళ్ల కిందట మా గూడేల కథలు పది పోగుచేసి చిన్న పుస్తకం వేశాం. అట్ట మీద మా నలుగురి పేర్లు ఉన్నాయి. కథలు చెప్పిన అవ్వల పేర్లు ఎక్కడా లేవు. పుస్తకం తీసుకెళ్లి ఇస్తే, చదువురాని ఒక అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో నేనెక్కడ ఉన్నానయ్యా?" అని అడిగింది. "కథ నీదే కదవ్వా" అని నవ్వేసి వచ్చాం. ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాతి ఏడాది ఆమె పోయింది. ఇప్పుడు ఆ పుస్తకం రెండో ముద్రణ వేస్తున్నాం. ప్రతి కథ కింద చెప్పినవారి పేరు, గూడెం పేరు వేస్తున్నాం. ఆ అవ్వ పేరు మొదటి కథ కింద ఉంటుంది. ఆమె చూసుకోలేదు. మనవరాలు చదువుకుంటుంది.

తోటి టీచర్లకు మాదొక మనవి. పిల్లల చేత వ్యాసాలు రాయించకండి, ఉత్తరాలు రాయించండి. మా బడిలో జ్వరం వచ్చి నెలన్నర రాని పిల్లవాడికి తోటి పిల్లలు ఉత్తరాలు రాశారు. ఎవరింటి మేక ఈనిందో, వాగులో ఏ చేప పడిందో, ఏ చెట్టు కింద గొడుగులు లేచాయో, బొమ్మలతో సహా. కొన్ని మాటలు తెలుగులో, తెలియని చోట ఇంటి భాషలోనే. తప్పులు దిద్దకుండా పంపాం. పది వాక్యాలు రాయమంటే రెండు రాసే పిల్లలు రెండేసి పేజీలు రాశారు. ఎందుకంటే చదివేవాడు ఎవరో వాళ్లకు తెలుసు. వాడు తిరిగొచ్చినప్పుడు ఉత్తరాలన్నీ మడిచి సంచిలో పెట్టుకుని తెచ్చాడు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. ఈ వానాకాలంలో అడవికి వెళ్లేటప్పుడు ఒక నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకెళ్లండి. అవ్వ చూపించిన ప్రతి గొడుగునూ గీయండి. పేరు మన భాషలో రాయండి, ఎక్కడ లేచిందో, ఏ వానకు లేచిందో రాయండి. దాని కింద, చూపించినది ఎవరో ఆ పేరు రాయడం మరవకండి. మేము మరిచాం.